కాలిబంతికి కొంత చోటు

ఉప్పలు పేరు చెప్పిన తోడనే నేడు దేశమునందలి వారి కందఱికిని క్రికెట్టు స్ఫురించును. 2005 వ సంవత్సరము నవంబరు మాసమున భారత, దక్షిణాఫ్రికా జట్లు ఇచ్చట తొలి అంతర్జాతీయ మ్యాచి యాడిన నాటినుండి రాజీవ్ గాంధీ క్రీడాప్రాంగణము మన ప్రాంతమునకు పెద్దగుర్తుగా నిలిచియున్నది. 2017 లో మెట్రోరైలు వచ్చినపుడు ఉప్పలునకును ఎన్.జి.ఆర్.ఐ. కిని నడుమనున్న స్టేషనునకు ‘స్టేడియము’ అని మాత్రమే పేరు పెట్టిరి. అది యే యాట కేర్పడిన స్టేడియమో చెప్పవలసిన యక్కఱ యెవ్వరికిని తోచలేదు. 2025 మార్చి నెలలో సన్‌రైజర్సు జట్టు ఇచ్చటనే ఇరువది ఓవర్లలో 286 పరుగులు తీసినది. ఆ సంఖ్యను మన విద్యార్థులలో అనేకులు ఎక్కములకంటె బాగుగ జ్ఞాపకముంచుకొనియున్నారు.

ఇందులకు మేమును సంతోషించువారమే. ఇంటి సమీపమున ఉత్తమమైన యాట జరుగుచుండ దానిని బాలబాలికలు ప్రేమించుట స్వభావము. అయినను, ఇదే నగరము ఒకప్పుడు వేఱొక యాటలో భారతదేశమున కంతకును గురుస్థానమున నుండెనని మన విద్యార్థులలో ఎందఱెఱుగుదురు? ఆ యాట కాలిబంతి, అనగా ఫుట్‌బాలు. నేడు మన బడి మైదానమున సాయంకాలము చూచినచో బ్యాటులు పట్టినవారు నలువదిమందియు, మూలను కాలిబంతి తన్నువారు నలుగురైదుగురును కానవత్తురు. ఈ మార్పును గూర్చి కొంత యోచించుట మంచిదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము చెప్పదలచిన విషయ మొక్కటే. ఆట మొదట క్షీణించునది పెద్ద స్టేడియములలో గాదు, బడి మైదానములోనే. అది మఱల బ్రతుకవలెనన్నను అచ్చటనే బ్రతుకవలెను.

హైదరాబాదు కాలిబంతి చరిత్ర చెప్పబూనిన వారు మొట్టమొదట ఒక బడిపంతులుగారి పేరు చెప్పవలసియుండును. వారు సయ్యద్ అబ్దుల్ రహీము గారు. 1909 లో ఈ నగరమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి. ఏ. పట్టము పొంది, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగ పనిచేసిరి. 1943 లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులై, 1963 జూను 11 వ తేదీన పరమపదించు నంతవఱకు ఆ భారము వహించిరి. 1950 నుండి సిటీ పోలీసు జట్టునకు శిక్షణ మిచ్చిరి. పిమ్మట భారతజట్టునకును వారే శిక్షకులైరి.

వారి శిక్షణ పద్ధతిలో ఉపాధ్యాయుని బుద్ధి స్పష్టముగా కాననగును. బంతిని తన కాలియొద్దనే యుంచుకొని, ఒక్కడే ప్రత్యర్థులను తప్పించుకొనుచు పోవుటను నిషేధించి వారు కొన్ని పోటీలు పెట్టించిరి. అందువలన బంతిని వెంటనే తోడివాని కందించు నలవాటు బాలురకు కలిగినది. మఱికొన్ని పోటీలలో ఎవనికి ఏ కాలు వాటము కాదో ఆ కాలితోనే తన్నవలెనని నియమము చేసిరి. అందువలన రెండుకాళ్లును సమానముగ పనికివచ్చునట్టి యాటగాండ్రు తయారైరి. ఇవి యేవియు ధనముతో గూడిన పద్ధతులు గావు. ఒక బంతియు, ఒక నియమమును, ఆ నియమమును పాటింపజేయు నొక యుపాధ్యాయుడును ఉన్న జాలును. ఈ మూడింటిలో మన పాఠశాలకు లేని దేదియో పాఠకులే యోచింతురు గాక.

ఇంత చిన్న యుపాయముల ఫలితము మాత్రము చిన్నది గాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో రోవర్సు కప్పును గెల్చెను. 1950 లో ఢిల్లీలో డ్యూరాండు కప్పును గూడ పొందెను. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో రెండుమాఱులు వరుసగా గెల్చుకొనెను. 1965-66 లో ఆంధ్రప్రదేశ్ జట్టు అదే ట్రోఫీని గెల్చెను. అటుపిమ్మట నేటివఱకును ఆ ట్రోఫీ మన రాష్ట్రములకు మఱల రాలేదు.

దేశముల పోటీలలోనైనను రహీము గారి కాలమే భారత కాలిబంతికి పున్నమకాలము. 1951 లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము నందెను. మఱుసటి యేట హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్ల తేడాతో ఘోరముగ నోడెను. అప్పుడు మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతోనే యాడిరి. ఆ యోటమిని గుణపాఠముగా గైకొని, బూట్లు వేసికొని, క్రొత్త వ్యూహములు నేర్చి, 1956 లో మెల్‌బోర్నున ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో ఓడించి సెమీఫైనలు చేరిరి. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియాఖండపు జట్టు ఏదియు అంతకుముందు ఆ మెట్టెక్కలేదు. అచ్చట అదే యుగోస్లావియా చేతిలో 4-1 తో ఓడి, తుదకు నాలుగవ స్థానమున నిలిచిరి. పదింటినుండి నాలుగింటికి తగ్గిన ఆ గోళ్ల లెక్కలో నాలుగేండ్ల కృషి యున్నది. అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అహమ్మదు హుసేను, జుల్ఫికారుద్దీను, బలరాము మొదలగు హైదరాబాదు ఆటగాండ్రనేకులు ఆ బృందమున నుండిరి. కడపట 1962 లో జకార్తాలో ప్రాణాంతకమైన వ్యాధితో బాధపడుచునే రహీము గారు జట్టును నడిపించి, దక్షిణ కొరియాపై 2-1 గోళ్లతో ఆసియా స్వర్ణపతకమును రెండవమాఱు తెప్పించిరి. మఱుసటి సంవత్సరము వారు కన్నుమూసిరి. ఆ పతకము భారతదేశమునకు మఱల లభింపలేదు.

పైని పేర్కొన్నవారిలో తులసీదాసు బలరాము గారి విషయము మన ప్రాంతపు పిల్లలు ప్రత్యేకముగ నెఱుగదగినది. నాచారమునుండి మల్లాపురము, మౌలాలి మీదుగా ఉత్తరమునకు పోయినచో అమ్ముగూడ యను నూరు వచ్చును. సికింద్రాబాదు దండుప్రదేశమున కంటియున్న ఆ యూర 1936 లో బలరాము గారు పుట్టిరి. సామాన్య కుటుంబమున పెరిగి, ఇరువదేండ్ల ప్రాయమునకే మెల్‌బోర్నునకు పోయిరి. 1957 లో కలకత్తాకు పోయి ఈస్టు బెంగాలు సంఘమున చేరిరి. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో హంగెరీ మీదను, పెరూ మీదను గోళ్లు చేసిరి. జకార్తా స్వర్ణపతకములోను వారికి భాగమున్నది. చున్నీ గోస్వామి, పి. కె. బెనర్జీ, బలరాము అను ముగ్గురిని ఒక్కపేరుగ చెప్పుకొనుట ఆటయందభిరుచి గలవారి కలవాటు. 1962 లో అర్జున పురస్కార మందిన వీరు అనారోగ్యముచేత త్వరలోనే యాట విరమించిరి. శేషజీవితము బెంగాలుననే గడపి 2023 ఫిబ్రవరిలో కాలధర్మము నొందిరి. మన బడికి ఇంత దాపున పుట్టినవారి పేరు మన పిల్లలు ఈ పత్రికలో చదివి తెలిసికొనవలసి వచ్చుటయే మేము చెప్పదలచిన క్షీణతకు తగిన నిదర్శనము.

ఇంతటి వైభవము ఎట్లు తఱిగిపోయెను? కారణములు పెక్కు గలవు. వానిలో మొదటిది వలస. ఆ దినములలో పోలీసు, రైల్వే మొదలగు శాఖలు మంచి యాటగాండ్రకు ఉద్యోగములిచ్చి జట్లను పోషించుచుండెను. కలకత్తా సంఘములు అంతకంటె నధిక ప్రతిఫలమును, గొప్ప ప్రేక్షకసమూహమును చూపినవి. బలరాము గారి వెనుక 1966 లో మహమ్మదు హబీబు, సయ్యద్ నయీముద్దీను అను మన యువకు లిరువురు అదే దారి పట్టిరి. 1970 లో బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెల్చిన భారతజట్టునకు నయీముద్దీనే నాయకుడు. 1977 లో పేలే కలకత్తాకు వచ్చి యాడినపుడు ఆయన జట్టుపై గోలు చేసిన మోహన్ బగాను ఆటగాండ్రలో హబీబు ఒకడు. వారి కీర్తికి మనము గర్వింపవలసినదే. కాని తెలివిగలవారు పోవుచు, వారి వెనుక వచ్చువారిని తీర్చిదిద్దిన గురువు లేకపోయినపుడు, బావిలో నీరు తోడుటయే గాని ఊటలేని స్థితి యేర్పడును. హైదరాబాదునకు జరిగిన దదియే.

రెండవ కారణము నేల. దీనిని మన కన్నుల యెదుటనే చూచుచున్నాము. నాచారము పారిశ్రామికవాడ చుట్టును, మల్లాపురము, హబ్సిగూడల నడుమను ఒకనాడు ఖాళీగా నుండిన నేలలు నేడు ఇండ్లును గోదాములును అయినవి. ఉప్పలు భగాయతు భూములును ఇంటిస్థలములుగ విభజింపబడి వేలమున అమ్ముడుపోయినవి. ఇందొక విశేషము గలదు. నేల తఱిగిన కొలది రెండాటలకును సమానముగ నష్టము కలుగదు. క్రికెట్టు ఇఱుకు సందులో సైతము ఒదుగును. గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీచినచో వికెట్లగును. కాలిబంతికి పొడవేగాక వెడల్పును కావలెను. పిల్లలు నలుదిక్కుల పఱుగెత్తనిదే ఆ యాట లేదు. కాబట్టి ఊరిలో ఖాళీస్థలము పోయినపుడు మొదట పోవునది కాలిబంతియే. ఇట్టి స్థితిలో విశాలమైన మైదానములు మిగిలియున్నవి పాఠశాలల యందు మాత్రమే. ఆ మైదానముల నడుమను సిమెంటు పిచ్చి వేసి వలలు కట్టినచో కాలిబంతికి కడపటి యాశ్రయమును పోయినట్లే.

మూడవ కారణము 1983 లో మన దేశము క్రికెట్టు ప్రపంచకప్పును గెల్చుటయు, దానికి తోడు టెలివిజను ఇంటింటికిని వచ్చుటయు. అప్పటినుండి పిల్లవాని యెదుట నిత్యము కనబడు వీరులందఱును క్రికెట్టు వీరులే. అజారుద్దీను, లక్ష్మణు, మిథాలీ రాజు, సిరాజు మొదలగువారు మన నగరమునుండియే పోయి యశస్సు గడించిరి. బాలుడు తాను చూచిన దానినే చేయగోరును. ఇందు వాని దోషమేమియు లేదు.

కొందఱు మమ్ము నిట్లడుగవచ్చును: “హైదరాబాదు పేరిట పెద్ద ఫుట్‌బాలు జట్టు ఏర్పడలేదా? అది దేశమున కంతకును ప్రథమస్థానమున నిలువలేదా?” నిజమే. 2019 లో హైదరాబాదు ఎఫ్.సి. అను జట్టు వెలసి, 2022 మార్చి 20 వ తేదీన గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు పోటీని గెల్చెను. అంటువ్యాధి కారణమున ఆ యేటి పోటీలన్నియు గోవాలోనే జరుగుటచేత మన నగరవాసులు ఆ విజయమును తెఱమీద మాత్రమే చూడగలిగిరి. మూడేండ్లు గడచినవో లేదో, 2025 లో యాజమాన్యము మాఱి ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. 2024 డిసెంబరు 31 వ తేదీన సంతోష్ ట్రోఫీ తుదిపోటీ మన గచ్చిబౌలిలోనే జరిగెను. కాని అం దాడినవారు బెంగాలు, కేరళ జట్లవారు. గెల్చినది బెంగాలు. ఈ రెండు సంగతులను కలిపి చూచినచో ఒక సత్యము బోధపడును. ధనముతో జట్టును కొనితేవచ్చును, స్టేడియమును కట్టవచ్చును. కాని ఆ యాట వీథివీథిని ఆడబడనిచో తెచ్చిన జట్టు అతిథివలె వచ్చి అతిథివలె పోవును. వేరులేని చెట్టును నాటినవా డెంత నీరు పోసిన నేమి?

ఇట్టి సమస్య మన యొక్క నగరమునకే వచ్చినది కాదు. ఒక యాట నీడలో మఱియొక యాట వాడిపోవుట అనేక దేశములయందు గలదు. ఐర్లండు దేశమున హర్లింగు అను ప్రాచీన క్రీడ కలదు. కొన వెడల్పైన కొయ్యకఱ్ఱతో చిన్న తోలుబంతిని మిక్కిలి వేగముగ కొట్టుచు ఆడుదురు. 2018 లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చినది. ఆ దేశముననే గేలిక్ ఫుట్‌బాలను మఱియొక యాటయు గలదు. కెర్రీ యను జిల్లావారు గేలిక్ ఫుట్‌బాలులో దేశమునకే మేటులు. 2025 నాటికి 39 పర్యాయములు వారు అఖిల ఐర్లండు పోటీని గెల్చియున్నారు. అదే జిల్లావారు హర్లింగులో అట్టి విజయము పొందినది ఒక్కమాఱే, అదియు 1891 లో. అయినను హర్లింగు అచ్చట చావలేదు. జిల్లా యుత్తరభాగమున కొలదిగ్రామములవారు దానిని తరతరములుగ విడువక ఆడుచున్నారు. గొప్ప బహుమానములు రాకున్నను, తండ్రి యాడిన యాటను కుమారుడు నేర్చుచున్నాడు. పది గ్రామములు పట్టుదలతో నున్నచో ఒక యాట నూఱేండ్లు నిలుచుననుటకు ఇదియే తార్కాణము. నగరమంతయు మాఱవలెనని మనము కోరనక్కఱలేదు. ఉప్పలు, నాచారములలో కొన్ని పాఠశాలలు పూనుకొన్నను చాలును.

ఇక తల్లిదండ్రుల సందేహములకు వత్తము. “కాలిబంతి యాడి మావాడేమి సంపాదించును? క్రికెట్టైన లక్షలు వచ్చునుగదా!” యని కొందఱందురు. ఈ మాటను మేము తేలికగ త్రోసివేయము. బిడ్డల భవిష్యత్తును గూర్చి చింతించుట తల్లిదండ్రుల ధర్మము. కాని లెక్క సరిగ వేయవలెను. మన రంజీ జట్టున ఒక మ్యాచిలో ఆడువారు పదునొకండుగురు మాత్రమే. నగరమున వలలలో అభ్యసించు బాలురు వేలకొలది యున్నారు. అందఱును ఆ పదునొకటిలో నొదుగరు. కావున ఏ యాటనైనను జీవనోపాధి యను కొలతతో కొలిచినచో నూటికి తొంబది తొమ్మిదిమంది పిల్లలకు నిరాశయే మిగులును. బడిలో ఆటను కొలువవలసిన కొలత వేఱు. అది పిల్లవాని దేహమునకును శీలమునకును నేడు ఏమి చేయుచున్నదని చూడవలెను.

ఆ కొలతతో చూడుడు. క్రికెట్టులో ఒక జట్టు బ్యాటు చేయుచుండగా అందులో ఇరువురు మాత్రమే మైదానమున నుందురు. తక్కిన తొమ్మండుగురు కూర్చుండియుందురు. కాలిబంతిలో ఇరువదియిద్దఱును ఆటసాంతము కదలుచునే యుందురు. క్రికెట్టునకు దినమంతయు కావలసివచ్చును. కాలిబంతికి ఒక గంట చాలును. ఆట ముగించి చీకటి పడకమున్నే ఇల్లు చేరి దీపముముందు పుస్తకము తెఱవవచ్చును. మంచి బ్యాటొకదాని వెలతో తరగతి కొక బంతి కొనవచ్చును. బ్యాటు తెచ్చినవాడే ముందాడవలెనను తగవు ఇందు లేదు. బీదవాని కుమారుడును ధనికుని కుమారుడును ఒక్క బంతివెంట పఱుగెత్తుదురు. తన కనుకూలమైన స్థానముననున్న స్నేహితునికి బంతి నందించి, గోలు వాని పేర వ్రాయబడగా తాను సంతోషించుట నేర్చినవాడు సంఘములో ఎచ్చటనైనను మెలగగలడు.

ఆడపిల్లల విషయమును మఱువరాదు. నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య భారత స్త్రీల ఫుట్‌బాలు జట్టున స్థానము సంపాదించినది. పల్లెనుండి పోయిన బాలికకు సాధ్యమైన పని మన బాలికలకు ఏల సాధ్యము గాదు? వారికి కావలసినది ఉపన్యాసము గాదు. మైదానమున వారిదని చెప్పుకొనదగిన యొక దినము కావలెను.

“మైదాన మొక్కటే యుండగా రెండాటలెట్లు?” అనువారికి మా సూచనలు ఇవి. మొదటిది: క్రికెట్టు పిచ్చిని మైదానపు నడుమనుండి ప్రక్కకు జరిపి, వలలను గోడవైపున కట్టవలెను. నడిమిభాగము ఏ యాటకైనను పనికివచ్చునట్లు ఖాళీగ నుండవలెను. రెండవది: వారమున మూడు సాయంకాలములు కాలిబంతికి విడువవలెను, వానిలో ఒకటి బాలికలదిగ నుండవలెను. తక్కిన మూడును క్రికెట్టున కుండనిండు. మూడవది: పాఠశాల జట్టని పదునొకండుగురిని ఏర్చి, తక్కిన నూర్లమందిని చూచువారిని చేయు పద్ధతి మానవలెను. ప్రతి తరగతికిని ఒక జట్టును, ఒక బంతియు నుండి, తరగతికిని తరగతికిని ఏడాది పొడవున పోటీలు జరుగవలెను. అయిదుగురు, ఏడుగురు చొప్పున జట్లుగ నాడినచో మైదానమున ఒక్కమాఱే రెండు మూడు ఆటలు జరుపవచ్చును. నాల్గవది: రహీము గారు పెట్టించిన రెండు విధముల పోటీలను మనమును పెట్టవలెను. బంతిని వెంటనే అందింపవలసిన పోటీ యొకటి, వాటముగాని కాలితో తన్నవలసిన పోటీ యొకటి. ఇవి పిల్లలకు వినోదముగను, ఉపాధ్యాయులకు సులభముగను ఉండును. అయిదవది: మన చుట్టుప్రక్కల రైల్వే, పోలీసు జట్లలో ఆడిన వృద్ధు లున్నచో వారిని వార్షికోత్సవమునకు పిలిచి, పూలదండతో సరిపుచ్చక, ఒక సాయంకాలము పిల్లలకు నేర్పుడని ప్రార్థింపవలెను.

ఉపాధ్యాయ మహాశయులకు ఒక మనవి. పాఠములు, పరీక్షలు, లెక్కలు, సమావేశములు అను భారము మీకెంత యున్నదో మేమెఱుగుదుము. అయినను రహీము గారును మీవలె బడిలో పనిచేసినవారే. ఒక బడిపంతులుగారి శ్రద్ధ ఒక నగరమును, ఆ నగరమూలమున ఒక దేశమును ఎంతదూరము తీసికొనిపోగలదో చెప్పుటకు వారి జీవితమును మించిన యుదాహరణము క్రీడాచరిత్రలో మా కగపడదు. మైదానపు టంచున నిలిచి విజిలు ఊదు నొక్క యుపాధ్యాయుడున్నచో పిల్లలు తమంత తామే వత్తురు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు క్రికెట్టు మానవలెనని మే మనుట లేదు. ఉప్పలు స్టేడియమునకు పోయి చూడుడు, చేతులు తట్టుడు, ఆడుడు. కాని రెండు కన్నులలో నొక్కదానితోనే చూచువాడు లోకమును సగమే చూచును. 2024 లో రహీము గారి జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినది. మీలో కొందఱు దానిని చూచియుందురు. చిత్రము చూచి కన్నీరు పెట్టుట మంచిదే. అంతకంటె మంచిది మఱునాడు బంతి తీసికొని మైదానమునకు పోవుట. ఆట గ్రంథములలో నిలువదు, కాళ్లలో నిలుచును. పెద్దవాని కాలినుండి చిన్నవాని కాలికి అందవలసిన విద్య యది. జకార్తా విజయమునాటి ఆటను కన్నులార చూచినవారు నేడు ఎనుబదేండ్లకు దాపులనున్నారు. వారినుండి నేర్చుకొనుటకు మిగిలిన కాలము స్వల్పము. ఈ దశాబ్దము గడచినచో అడుగుటకును చెప్పుటకును ఎవ్వరు నుండరు.

తల్లిదండ్రులును, పాఠశాలాధికారులును ఈ విషయమును దయతో విచారింతురని నమ్ముచున్నాము. వచ్చు జూను నెలలో బడి తెఱచునాటికి మైదానమునకు ఆ చివర రెండు, ఈ చివర రెండు గోలుకొయ్యలు నాటించి, తరగతి కొక బంతి యిప్పింపవలెనని మా ప్రార్థన. దీనికగు వ్యయము స్వల్పము. తక్కిన పని పిల్లలే చేసికొందురు.